కష్టాల కథలో నవ్వులు

బాలలూ! సినిమాహాలులో దీపాలు ఆరిపోయాయి. తెరమీద పచ్చని అడవి, హుషారైన పాట, గంతులేస్తూ ఒక చిట్టి మరుగుజ్జు బొమ్మ. "అబ్బ, ఎంత ముద్దుగా ఉన్నదో!" అని మీరు అనుకునేలోగా పాట ఠక్కున ఆగిపోతుంది. చీకట్లోనుంచి ఒక గొంతు పలుకుతుంది. చూడబోయే కథ ఇది కాదనీ, సంతోషపు కథ కావలసినవారు మరొక చోటికి పోవచ్చుననీ ఆ గొంతు హెచ్చరిస్తుంది!

"నన్ను చూడవద్దు" అని చెప్పే సినిమా ఎక్కడైనా ఉంటుందా? ఉన్నది. దాని పేరు "లెమొనీ స్నికెట్స్ ఎ సిరీస్ ఆఫ్ అన్‌ఫార్చునేట్ ఈవెంట్స్". లెమొనీ స్నికెట్ చెప్పిన దురదృష్ట సంఘటనల వరుస అని దాని అర్థం. బ్రాడ్ సిల్బర్లింగ్ దర్శకత్వంలో 2004లో అమెరికాలో తయారైంది.

దీనికి మూలం పిల్లల పుస్తకాలే. డేనియల్ హ్యాండ్లర్ అనే అమెరికన్ రచయిత లెమొనీ స్నికెట్ అనే మారుపేరుతో వాటిని రాశాడు. మొదటిది 1999లో వచ్చింది. మొత్తం 13 పుస్తకాలు. పాశ్చాత్యులలో చాలామందికి 13 అచ్చిరాని అంకె. 13వ తేదీ శుక్రవారం పడితే మరీ భయం. అందుకని కడపటి పుస్తకాన్ని సరిగ్గా 2006 అక్టోబరు 13న, శుక్రవారం నాడే విడుదల చేశారు! వీటిలో మొదటి మూడు పుస్తకాల కథలను కలిపి ఈ సినిమా తీశారు.

కథ ఏమిటంటే, బోడ్‌లేర్ వారి పిల్లలు ముగ్గురు. పెద్దది వయొలెట్, 14 ఏళ్ళ పిల్ల. జుట్టు రిబ్బనుతో ముడివేసిందంటే ఏదో కొత్త యంత్రం ఆలోచిస్తున్నదన్నమాట. తమ్ముడు క్లౌస్ పుస్తకాల పురుగు, చదివినది మరిచిపోడు. చంటిపాప సన్నీకి కనిపించినదల్లా కొరకటమే పని. ఒకనాడు వీళ్ళ ఇల్లు అగ్గికి ఆహుతై, తల్లిదండ్రులు చనిపోతారు. ఆస్తి మాత్రం చాలా ఉన్నది. బ్యాంకు ఉద్యోగి పో అనే పెద్దమనిషి ఆ పిల్లలను కౌంట్ ఓలాఫ్ అనే బంధువు ఇంట దిగబెడతాడు. ఈ ఓలాఫ్ ఒక నాటకాలరాయుడు. పిల్లలమీద ప్రేమ ఇసుమంత లేదు, కన్నంతా ఆస్తిమీదే.

ఒకరోజు అతడు పిల్లలను కారులో పెట్టి, తలుపులకు తాళం వేసి, రైలుపట్టాలమీద వదిలిపోతాడు. రైలు వస్తున్నది! వయొలెట్ కారులో దొరికిన వస్తువులతోనే ఒక ఉపాయం పన్ని, పట్టాలు మార్చే మీటను దూరంనుంచే కదిలిస్తుంది. రైలు పక్కదారిన పోతుంది. పో గారు వచ్చి పిల్లలను అక్కడినుంచి తీసుకుపోతాడు. ఎందుకో తెలుసా? ఓలాఫ్ చంపబోయాడని కాదు. చంటిపాప చేతికి కారు నడపటానికి ఇచ్చాడని!

ఇక్కడ మనకు నవ్వు వస్తుంది. నవ్వుతూనే గుండె కలుక్కుమంటుంది. ఇటువంటి దానినే ఇంగ్లీషులో డార్క్ కామెడీ అంటారు. ఇది కష్టపడేవారిని చూసి నవ్వటం కాదు సుమా! కష్టపెట్టేవాడి కపటాన్నీ, దాన్ని కనిపెట్టలేని పెద్దల అమాయకత్వాన్నీ చూసి నవ్వటం.

తరువాత పిల్లలు మాంటీ మామయ్య ఇంటికి వెళతారు. ఆయన పాములశాస్త్రం చదివిన మంచివాడు. ఓలాఫ్ మారువేషంలో అక్కడికీ వస్తాడు. "వీడే ఓలాఫ్" అని పిల్లలు ఎంత మొత్తుకున్నా పెద్దలకు చెవికెక్కదు. ఓలాఫ్ మామయ్యను చంపి, పాము కరిచిందని బుకాయిస్తాడు. ఆ పాముకు పేరులోనే విషం. నిజానికి అది సాధువు. సన్నీ దానితో ఆడుకునేసరికి అబద్ధం బయటపడుతుంది. మాటలైనా రాని పాప సాక్ష్యం చెప్పిందన్నమాట!

మూడవది జోసెఫిన్ అత్తయ్య ఇల్లు. ఆమెకు ఫ్రిజ్ మీద పడుతుందేమోనని భయం, తలుపు పిడి పగులుతుందేమోనని భయం. ఉండటం మాత్రం సరస్సు అంచున, కొండకొమ్మున వేళ్ళాడే ఇంట్లో! వ్యాకరణమంటే ఆమెకు ప్రాణం. అటువంటి మనిషి రాసిన ఉత్తరంలో అన్నీ తప్పులే కనబడితే, అందులో రహస్యమేదో ఉన్నదని క్లౌస్ గ్రహిస్తాడు. తప్పులన్నీ ఏరి కూర్చి, ఆమె దాగిన గుహ పేరు కనిపెడతాడు. పరీక్షలో తప్పులు దిద్దుకోవటానికి విసుక్కునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి!

ఓలాఫ్‌గా జిమ్ క్యారీ, జోసెఫిన్‌గా మెరిల్ స్ట్రీప్ నటించారు. సన్నీ పాత్రను కారా, షెల్బీ హాఫ్‌మన్ అనే కవలలు పోషించారు. ఓలాఫ్ మారువేషాలు ఎంత బాగా కుదిరాయంటే, ఈ చిత్రానికి మేకప్‌కు ఆస్కార్ బహుమతి వచ్చింది. ఆ తరువాత 2017 నుంచి 2019 వరకు నెట్‌ఫ్లిక్స్‌లో ఇవే కథలు ధారావాహికగా వచ్చాయి.

చివరి ఆపద ఎలా తప్పిందో నేను చెప్పను. ఒక్క ఆధారం ఇస్తాను: అందులో ఒక పెద్ద అద్దం ఉన్నది. భూతద్దం మధ్యన మందంగా, అంచున పలుచగా ఉంటుంది. అందుచేత దానిలోగుండా పోయే సూర్యకిరణాలు వంగి, అవతల ఒకచోట కలుసుకుంటాయి. అద్దమంతటిమీదా పడిన వేడి అక్కడ చిన్న చుక్కలో చేరి కాగితాన్ని మాడ్చివేస్తుంది. పెద్దలు దగ్గర లేకుండా దీన్ని చేసి చూడకండి. భూతద్దంలోనుంచి సూర్యుణ్ణి ఎన్నడూ చూడకండి, కళ్ళు పోతాయి.

తల్లిదండ్రులకు ఒక మాట. ఇన్ని చావులున్న కథ పిల్లలకెందుకని మీరు అడగవచ్చు. మరీ చిన్నవారికి వద్దు. కాస్త పెద్దవారితో మీరూ పక్కన కూర్చుని చూడండి. కష్టాలను కథలో చూసిన పిల్లలు వాటిని గురించి ఇంట్లో నోరు విప్పి అడుగుతారు. ఈ కథలో ఓలాఫ్‌కు బలం తన తెలివి కాదు, పిల్లల మాట వినని పెద్దలే. మీ పాప ఎప్పుడైనా "ఆ మనిషి దగ్గరకు నేను పోను" అంటే, పో గారిలా కొట్టిపారెయ్యకండి. దగ్గర కూర్చోబెట్టుకుని, ఎందుకని అడగండి.

బాలలూ, మీరూ అంతే. ఒక పెద్దవారు వినకపోతే ఊరుకోకండి. మరొకరికి చెప్పండి. వినేవారు దొరికేదాకా చెప్పండి.