డిఫెన్స్ ఆర్డర్లు, ఏఐ రాయితీలు: మన కార్ఖానా దాకా వచ్చేదెంత?

హైదరాబాద్ పాతబస్తీలో 'డీఎంఆర్‌ఎల్' అంటే చాలామందికి ఒక క్రాస్ రోడ్డు, ఒక బస్టాపు. దాని అసలు పేరు డిఫెన్స్ మెటలర్జికల్ రీసెర్చ్ లేబొరేటరీ. అంటే మన సైన్యానికి కావాల్సిన లోహాల మీద పరిశోధన చేసే ప్రయోగశాల. అదే కంచన్‌బాగ్‌లో క్షిపణులు తయారుచేసే భారత్ డైనమిక్స్ 1970 నుంచి ఉంది, ప్రత్యేక లోహాలు పోసే మిధాని 1973 నుంచి ఉంది. సంతోష్‌నగర్, హఫీజ్ బాబానగర్, చాంద్రాయణగుట్ట కుటుంబాలకు ఇవన్నీ గోడ అవతలి సంగతులే. ఆ గోడ లోపల ఖర్చయ్యే డబ్బు బయటి కార్ఖానాల దాకా వస్తుందా, వస్తే ఏ దారిలో వస్తుంది? కేంద్రం ఈ మధ్య డిఫెన్స్ తయారీ మీద, ఏఐ మీద తెచ్చిన పాలసీలను ఈ ప్రశ్నతో చూస్తే సులువుగా అర్థమవుతాయి.

ముందు డిఫెన్స్. ఈ బజారులో కొనేవాడు ఒక్కడే, సర్కారు. క్షిపణి భాగాన్ని బేగంబజార్‌లో పెట్టి అమ్మలేం కదా. కాబట్టి ఇక్కడ పాలసీ అంటే సర్కారు ఎవరి దగ్గర కొంటుందన్నదే. 2020 ఆగస్టులో 101 వస్తువుల జాబితా ఇచ్చి, గడువు దాటాక వీటిని విదేశాల నుంచి కొనబోమని కేంద్రం ప్రకటించింది. తర్వాతి జాబితాలతో కలిపి అవి 509 అయ్యాయి. ప్రభుత్వ రక్షణ సంస్థలు తెప్పించుకునే విడిభాగాలు, స్పేర్లకు వేరే జాబితాలున్నాయి. వాటిలో 5,012 ఐటెమ్‌లు. చిన్న కార్ఖానా చూడాల్సింది ఈ రెండో రకం జాబితానే. యుద్ధ ట్యాంకు మనం చెయ్యలేం, అందులో ఒక బుష్ చెయ్యగలం. ఏ భాగం దిగుమతి అవుతోంది, ఎవరికి కావాలి అన్నది రక్షణ శాఖ 'సృజన్' పోర్టల్‌లో చూసుకోవచ్చు.

ఇక డబ్బు. 2025-26 బడ్జెట్‌లో సైన్యం ఆధునికీకరణకు పెట్టిన నిధుల్లో 75 శాతం, అంటే 1,11,544 కోట్లు, దేశంలోనే కొనడానికి కేటాయించారు. అందులో పావు వంతు ప్రైవేటు కంపెనీలకు. 2024-25లో దేశంలో డిఫెన్స్ ఉత్పత్తి 1,50,590 కోట్లకు చేరింది. అందులో ప్రైవేటు వాటా 23 శాతం. మిగతాదంతా ప్రభుత్వ రంగ సంస్థలదే. ఈ 23 శాతం చూసి మనకేం మిగిలిందని అనుకోనక్కర్లేదు. ప్రభుత్వ సంస్థలు కూడా చాలా భాగాలు బయట చేయించుకుంటాయి. ఆర్మీకి నేరుగా ఎవరూ నట్టు అమ్మరు. బీడీఎల్‌కో, హెచ్‌ఏఎల్‌కో అమ్ముతారు, లేదంటే వాళ్లకు అమ్మేవాడికి అమ్ముతారు. హెచ్‌ఏఎల్ ఉన్న బాలానగర్ చుట్టూ లేత్ షెడ్లు వెలిసింది ఇలాగే. 2018 బడ్జెట్‌లో ప్రకటించిన రెండు డిఫెన్స్ కారిడార్లు ఉత్తరప్రదేశ్‌కు, తమిళనాడుకు వెళ్లాయి. క్షిపణుల ఊరైన హైదరాబాద్‌కు రాలేదు. అది రాజకీయం, ఇక్కడ వదిలేద్దాం.

ఏఐ దగ్గరికొస్తే కథ వేరు. 2024 మార్చిలో కేంద్ర కేబినెట్ ఇండియా ఏఐ మిషన్‌కు ఐదేళ్లకు 10,372 కోట్లు ఇచ్చింది. ఏఐని తయారుచేయడానికి జీపీయూ అనే ఖరీదైన చిప్‌లు కావాలి. అవి ప్రధానంగా విదేశీ సరుకే. అందుకే మిషన్ డబ్బులో పెద్ద వాటా వాటికే పోతోంది. స్టార్టప్‌లకు, విద్యార్థులకు, పరిశోధకులకు గంటకు వంద రూపాయల లోపు సగటు అద్దెకు వాటిని అందిస్తున్నారు. మంచిదే. కానీ తేడా గమనించండి. డిఫెన్స్‌లో సర్కారు 'నువ్వు చెయ్, నేను కొంటా' అంటోంది. ఏఐలో 'అద్దె తగ్గిస్తా, గిరాకీని నువ్వే వెతుక్కో' అంటోంది. మొదటిదాంట్లో ఆర్డరు ఉంది, రెండోదాంట్లో రాయితీ మాత్రమే ఉంది. (విశాఖలో గూగుల్ ప్రకటించిన 1,500 కోట్ల డాలర్ల ఏఐ హబ్ ప్రైవేటు పెట్టుబడి. దాన్ని ఈ మిషన్‌తో కలపొద్దు.)

రెండూ కలిసేచోట డబ్బు ఇంకా పలచన. సైన్యంలో ఏఐ కోసం 2019లో పెట్టిన ఏజెన్సీకి ఏడాదికి 100 కోట్లు. 2025-26 రక్షణ బడ్జెట్ 6.81 లక్షల కోట్లు. హిసాబ్ వేస్తే లక్ష రూపాయల్లో సుమారు 15 రూపాయలు. త్రివిధ దళాలు విడిగా పెట్టే ఖర్చు దీనికి అదనం అనుకున్నా, ఈ అంకె చిన్నదే. 2018లో మొదలైన ఐడెక్స్ కింద కొత్త ఆలోచన ఉన్న స్టార్టప్‌కు, చిన్న కంపెనీకి కోటిన్నర దాకా గ్రాంట్ దొరుకుతుంది. కాకపోతే కంపెనీ కూడా తన వాటా పెట్టుకోవాలి. ఆ వాటా లేని కుర్రాళ్లే మన దగ్గర ఎక్కువ.

అందుకే 'డిఫెన్స్ ఏఐ కోర్సు, ఉద్యోగం గ్యారంటీ' అన్న బోర్డు చూసి పిల్లాడి ఫీజు కట్టే ముందు ఒకసారి ఆగండి. ఆర్డర్లున్న చోట కావాల్సింది సీఎన్‌సీ ప్రోగ్రామింగ్, మైక్రాన్లలో కొలిచి చెప్పే ఇన్‌స్పెక్షన్ పని, వెల్డింగ్. ఐటీఐ చేసినవాళ్లను బీడీఎల్, మిధాని అప్రెంటిస్‌లుగా తీసుకుంటాయి, నోటిఫికేషన్లు వాటి వెబ్‌సైట్లలోనే వస్తాయి. పర్మనెంట్ ఉద్యోగం ఇస్తామని కాదు. అయినా ఆ సర్టిఫికెట్‌కు ప్రైవేటు షాపుల్లో విలువుంది.

ఇక కార్ఖానా నడిపేవాళ్ల అసలు తలనొప్పి ఆర్డరు కాదు, బిల్లు. డిఫెన్స్ పనిలో లోహానికి టెస్ట్ సర్టిఫికెట్ కావాలి, ఇన్‌స్పెక్షన్ కావాలి, ఒక కాగితం తక్కువైతే సరుకు అక్కడే ఆగుతుంది. ఈలోపు మెషీన్ కిస్తీ, కూలీల జీతం ఆగవు. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న యూనిట్లకు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలి. 'ఇంకా పరీక్ష కాలేదు' అని కొన్నవాడు నెలలు లాగితే? సరుకు అందిన 15 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే ఒప్పుకున్నట్టు లెక్క. ఈ ఒక్క వాక్యం చాలామంది ఓనర్లకు తెలీదు. గడువు దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ పడుతుంది. వడ్డీ మాకొద్దు అనేవాళ్లు కూడా అసలు కోసం ఇదే చట్టం కింద రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లొచ్చు. ఫిర్యాదు ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు. పైగా 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చిన ఆదాయపన్ను నిబంధన ప్రకారం, గడువు దాటి, ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు కూడా కట్టని బిల్లును కొన్న కంపెనీ ఆ ఏడాది ఖర్చుగా చూపలేదు. మార్చి దగ్గరపడగానే కొన్ని కంపెనీల అకౌంటెంట్లు ఫోన్లు ఎత్తడం మొదలుపెట్టింది దీనివల్లే.

ఫిర్యాదు చేస్తే వచ్చే ఆర్డరు పోతుందన్న భయం నిజమే. కొనేవాడు ఒక్కడే ఉన్న బజారులో ఆ భయం ఇంకా ఎక్కువ. ఈ విషయంలో పాలసీ కాగితాలు మౌనంగానే ఉన్నాయి.

ఇవన్నీ వర్తించాలంటే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉండాలి, అదీ సరుకు పంపే ముందే. కేంద్రం, ప్రభుత్వ సంస్థలు తమ ఏటి కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న యూనిట్ల నుంచి కొనాలన్న నియమం కింద లెక్కకు రావాలన్నా అదే నంబర్ అడుగుతారు. రిజిస్ట్రేషన్‌కు ఆధార్, పాన్ ఉంటే సరిపోతుంది. జీఎస్టీ పరిధిలోకి వచ్చేవాళ్లకు ఆ నంబర్ కూడా కావాలి. ఫీజు ఒక్క రూపాయి కూడా లేదు. గూగుల్‌లో వెతికితే ముందు వచ్చేవాటిలో డబ్బులు అడిగే ఏజెంట్ల సైట్లు ఉంటాయి. అడ్రస్ చివర 'గవ్ డాట్ ఇన్' ఉందో లేదో చూసి వివరాలు నింపండి.