తప్పు మన్నించే రెక్కలు

పెట్టె మూత తీసి చూచినవారికి అందులో విమానం కనిపించదు. పలుచని కొయ్య పలకలు కొన్ని, పుల్లల కట్ట ఒకటి, ప్లైవుడ్ ముక్కలు, చుట్టగా చుట్టిన పెద్ద పటం, చిన్న సంచిలో మరలూ తీగలూ కీళ్లూ - ఇంతే ఉంటుంది. తెలియనివారు పొయ్యిలోకి తెచ్చిన చితుకులనుకొన్నా ఆశ్చర్యం లేదు. కాని ఓపిక గల చేతులకు చిక్కితే, కొన్ని వారాలలో ఈ చితుకులే ఇంచుమించు ఆరడుగుల రెక్కలు చాచి, నేలమీద నిలిచిన మనిషి వేలి కదలికకు లోబడి ఆకాశంలో తిరుగుతాయి. రేడియోతో నడిచే నమూనా విమానాలలో, కొత్తగా నేర్చుకొనేవారి కోసం రూపొందించిన దానిని ట్రైనర్ అంటారు. దాని ఘనత వేగంలో గాని, సొగసులో గాని లేదు. నేర్చుకొనేవాడు చేసే తప్పును మన్నించి, తనంతట తాను సర్దుకోవడంలో ఉన్నది. అయితే ఈ గుణం పెట్టెలో సిద్ధంగా రాదు. కట్టేవాడే దానిని బల్లమీద కట్టుకోవలసి ఉంటుంది.

ఈ మన్నింపు గుణాన్ని మొదట సాధించి చూపినవాడు ఫ్రాన్సు దేశీయుడైన ఆల్ఫోన్స్ పెనో. 1871వ సంవత్సరం ఆగస్టు 18న, ప్యారిస్ నగరంలోని ట్విలరీ ఉద్యానంలో, ఇరవై యొక్క ఏళ్ల ఈ యువకుడు మెలివేసిన రబ్బరుతో తిరిగే ప్రొపెల్లర్ గల చిన్న విమానాన్ని వదిలాడు. అది 11 సెకండ్లు నిలకడగా ఎగిరింది. ఎవరూ పట్టుకోకుండా, ఎవరూ నడపకుండా అది బోర్లాపడక ఎట్లా నిలిచింది? రహస్యం రెండు వంపులలో ఉన్నది. రెక్కల కొనలు కొద్దిగా పైకి లేచి ఉన్నాయి; తోక పలక రెక్కకంటె కొంచెం కిందికి వాలి ఉన్నది. విమానం ఒక పక్కకు ఒరిగితే ఆ పక్కకే జారుతుంది. జారినప్పుడు, కొన పైకి లేచి ఉన్న కారణంగా, కింద ఉన్న రెక్కకు గాలి ఎక్కువ కోణంలో తగిలి దానిని పైకి లేపుతుంది. ముక్కు లేస్తే తోక కూడా లేచి దానిని దించుతుంది. ముక్కు వాలితే తోక అణగి దానిని ఎత్తుతుంది. నేటి ట్రైనర్‌లో కనిపించే నిలకడకు మూలసూత్రం ఇదే.

పెనో ముప్పై ఏళ్ల వయసులో, 1880లో మరణించాడు. కాని అంతకు రెండేళ్ల ముందే అతని ఊహ సముద్రం దాటింది. 1878లో అమెరికాలో మిల్టన్ రైట్ అనే క్రైస్తవ బిషప్ తన కుమారులకు ఒక ఎగిరే బొమ్మ తెచ్చి ఇచ్చాడు. రబ్బరు మెలితో పైకి లేచే ఆ బొమ్మ పెనో నమూనాను అనుసరించి చేసినదే. ఆ పిల్లలే విల్బర్, ఆర్విల్. విచిత్రమేమంటే, 1903లో వారు ఎగరవేసిన విమానం పెనో దారిని విడిచింది. దాని రెక్కల కొనలు పైకి లేవవు, కొంచెం కిందికే వాలి ఉంటాయి. విమానాన్ని అదుపు చేయవలసినవాడు మనిషి అని, యంత్రం తనకు తోచినట్లు సర్దుకోరాదని రైట్ సోదరుల తలంపు. ఫలితంగా ఆ విమానం క్షణం ఏమరినా ఊరుకొనేది కాదు. తనంతట నిలిచే విమానం ఒకటి, మనిషి మాట వినే విమానం ఒకటి - ఈ రెండు సంప్రదాయాలు కలసిన చోటనే రేడియో ట్రైనర్ పుట్టింది.

ఆ కలయికకు దారి తీసినవారు కూడా అన్నదమ్ములే. మిషిగన్ రాష్ట్రంలోని కలమజూలో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే కవల సోదరులు 1937లో ‘గఫ్’ అని పేరు పెట్టిన నమూనా విమానాన్ని రేడియోతో నడిపారు. ఒకరు విమానం కట్టడంలో దిట్ట, మరొకరు రేడియోలో నిపుణుడు. తనంతట నిలకడగా ఎగరగల నమూనాకు చుక్కాని తిప్పే రేడియోను జతచేయడంతో, అది ఎగిరి పోవడమే గాక చెప్పిన చోటికి తిరిగి రావడం కూడా నేర్చింది. ఆ విమానం తరువాత స్మిత్‌సోనియన్ ప్రదర్శనశాలకు చేరింది.

ఆ పరంపరలోని ట్రైనర్‌లలో పేరెన్నిక గన్నది కాడెట్ ఎల్‌టి-40. అయోవా రాష్ట్రంలోని మాంటెజూమా అనే చిన్న పట్టణంలో సిగఫూస్ దంపతులు నెలకొల్పిన సిగ్ సంస్థ దీనిని కిట్‌గా వెలువరించింది. 40 అన్నది ఇంజను పరిమాణం: 0.40 ఘనపుటంగుళాలు, అనగా సుమారు 6.5 సి.సి. రెక్క ఈ కొన నుండి ఆ కొనకు 70 అంగుళాలు, వైశాల్యం 900 చదరపుటంగుళాలు. సర్వం అమర్చిన తరువాత బరువు ఆరు పౌన్లకు అటూ ఇటూ. లెక్క కట్టి చూస్తే, రెక్కలో ఒక్కొక్క చదరపు అడుగు మోసే బరువు అర కిలో కూడా లేదు. బరువు తక్కువ గనుక విమానం నెమ్మదిగా ఎగరగలదు. నెమ్మదిగా ఎగిరే దాని మీద ఆలోచించుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. కొత్తవానికి కావలసినది ఆ వ్యవధియే.

ఇంతటి తేలికదనం కొయ్యతో సాధ్యమా అన్న సందేహం సహజం. ఇందులో వాడే కొయ్య బాల్సా. దక్షిణ అమెరికాలో, ముఖ్యంగా ఈక్వడార్‌లో, కొద్ది సంవత్సరాలలోనే ఏపుగా ఎదిగే ఈ చెట్టు మన బూరుగుకు బంధువు. దాని కాయలోనూ దూది ఉంటుంది. కొయ్య బరువు టేకులో ఇంచుమించు నాలుగోవంతు. 1947లో పెరూ నుండి పసిఫిక్ మహాసముద్రం మీద సాగిన కోన్-టికి తెప్ప దుంగలు బాల్సావే. రెండవ ప్రపంచయుద్ధంలో పేరు పొందిన మస్కిటో విమానపు ఒంటిలోనూ ప్లైవుడ్ పొరల నడుమ ఉన్నది బాల్సాయే. అయితే ఒకే చెట్టు నుండి వచ్చిన పలకలలోనూ మెత్తనివి, గట్టివి ఉంటాయి. అనుభవజ్ఞుడు ముందుగా వాటిని చేతిలో తూచి, గట్టి పుల్లలను రెక్క నడిమి దూలాలకు, మెత్తని పలకలను తోక భాగాలకు కేటాయిస్తాడు. తోకలో తగ్గించిన ప్రతి గ్రాము, ముక్కులో సీసం కలిపే శ్రమను తప్పిస్తుంది.

రెక్క కట్టడంతో అసలు పరీక్ష ఆరంభమవుతుంది. చదునైన బల్లమీద పటం పరచి, జిగురు అంటకుండా దానిపై పలుచని ప్లాస్టిక్ కాగితం కప్పుతారు. కింది దూలాన్ని గుండుసూదులతో పటం మీద బిగించి, దానిపై పక్కటెముకలను వరుసగా నిలబెడతారు. పైన మరొక దూలం, ముందంచు, వెనుకంచు చేరుతాయి. రెండు దూలాల నడుమ నిలువు పేళ్లు అతికిస్తే, పుల్లల పేర్పు కాస్తా వంతెన వలె బిగుసుకొంటుంది. కుడి ఎడమ రెక్కలను కలిపేటప్పుడు కొనలు కొద్దిగా పైకి లేచేటట్లు ప్లైవుడ్ బంధం వేస్తారు. పెనో ఉపాయం చేతికి తగిలే చోటు ఇది.

ఇక్కడ తొందర పనికిరాదు. బల్లలో ఒక మూల ఎత్తు తేడా ఉన్నా, జిగురు ఆరకముందే సూదులు లాగినా, రెక్క ఒక పక్క మెలి తిరుగుతుంది. కంటికి ఆనని ఆ మెలి, గాలిలోకి లేచిన క్షణంలో విమానాన్ని ఒక వైపుకు లాగుతుంది. కొలబద్ద కనుగొనలేని వంకరను ఆకాశం కనిపెడుతుంది. క్షణాలలో అతికే సయనోయాక్రిలేట్ జిగురు వచ్చిన తరువాత పని వేగం పెరిగింది. పొరపాటున అతికినది ఊడిరాని చిక్కూ పెరిగింది. అందుచేత తెలిసినవారు ముందుగా జిగురు లేకుండానే అన్నిటినీ పేర్చి, మూలమట్టంతో సరిచూచి, ఆపైననే చుక్క వేస్తారు.

వంకర అన్నది ప్రతిచోటా దోషమే అనుకోరాదు. మొండెం ముందుభాగంలో ఇంజనును బిగించే పలక కొంచెం కుడివైపుకు, కొంచెం కిందికి వాలి ఉండేటట్లు పటంలోనే గీస్తారు. పటం చదవనివాడు దానిని పొరపాటుగా ఎంచి తిన్నగా దిద్దుతాడు. ప్రొపెల్లర్ తిరిగే ధాటికి విమానం ఎడమకు ఈడ్చుకుపోతుంది; పూర్తి శక్తి ఇస్తే ముక్కు ఎత్తుతుంది. ఆ రెండిటికీ విరుగుడుగా పెట్టినది ఆ వాలు. ఏ వంకర తప్పు, ఏ వంకర ఒప్పు అన్నది కట్టేటప్పుడు తెలుసుకొన్నవాడు ఎగరవేసేటప్పుడు తికమకపడడు.

అస్థిపంజరానికి చర్మం కప్పడం తరువాతి పని. వెనుకటి రోజులలో పట్టుబట్టనో పలుచని కాగితాన్నో పరచి, డోప్ అనే ద్రవం పూసి బిగించేవారు. ఆ తరువాత వేడికి ముడుచుకొనే రంగుల ప్లాస్టిక్ పొరలు వచ్చాయి. చిన్న ఇస్త్రీపెట్టెతో అంచులు అంటించి, నడిమి భాగానికి వేడి తగిలిస్తే ముడతలన్నీ పోయి పొర డప్పువలె బిగుస్తుంది. రెక్కలో స్వల్పంగా మెలి మిగిలి ఉంటే, ఎదురు దిశకు మెలిపెట్టి పట్టి మరల వేడి చేస్తే అది చాలావరకు సర్దుకొంటుంది. కట్టినవానికి విమానం ఇచ్చే చివరి అవకాశం ఇది.

ఆపైన రేడియో సామగ్రి. రిసీవర్, బ్యాటరీ, వేలెడంత సర్వో మోటార్లు మొండెంలో కూర్చుంటాయి. ఒకటి తోకలోని ఎలివేటర్‌ను, ఒకటి చుక్కానిని, ఒకటి ఇంజను వేగాన్ని, మిగిలినవి రెక్కల వెనుకంచున ఉన్న ఎయిలెరాన్లను కదుపుతాయి. అన్నీ అమర్చిన తరువాత రెక్క అడుగున రెండు చూపుడువేళ్లు ఆనించి విమానాన్ని ఎత్తి చూడాలి. ముందంచు నుండి రెక్క వెడల్పులో నాలుగోవంతుకూ మూడోవంతుకూ మధ్య అది సమంగా నిలవాలి. గరిమనాభి ముందుకు జరిగితే విమానం మొరాయిస్తుంది; వెనుకకు జరిగితే నిలవనే నిలవదు. ముక్కు బరువైనది బాగా ఎగరదు, తోక బరువైనది ఒక్కసారే ఎగురుతుంది అని ఈ విద్యలో ఒక నానుడి కలదు.

మైదానానికి వెళ్లిన నాడు గుండె వేగం మారుతుంది. వారాల శ్రమ క్షణంలో చితుకులు కావచ్చు. ఎయిలెరాన్లు తలక్రిందులుగా కలిపి ఉంటే, కుడికి తిప్పబోయినవాడు ఎడమకు కూలుతాడు; అందుకే ప్రతిసారీ నేలమీదనే మీటలు కదిపి చూస్తారు. 2.4 గిగాహెర్ట్‌జ్ రేడియోలు రాకముందు మరొక గండం ఉండేది. ఒకే తరంగం మీద ఇద్దరు మీట నొక్కితే గాలిలో ఉన్న విమానం ఎవరి మాటా వినక నేలకూలేది. కనుక మైదానంలో ఒక బోర్డు పెట్టి, తన తరంగపు బట్టల క్లిప్పు చేతిలో ఉన్నవాడే ట్రాన్స్‌మిటర్ తెరవాలని కట్టడి చేసేవారు.

శిష్యుని పక్కన గురువు నిలుస్తాడు. ఇద్దరి చేతులలోనూ ట్రాన్స్‌మిటర్లు ఉంటాయి. గురువు మీట నొక్కి పట్టినంతసేపు విమానం శిష్యునిది. వదిలిన మరుక్షణం గురువుది. శిష్యుణ్ణి మొదట కలవరపెట్టేది దిక్కు. విమానం తనకు ఎదురుగా వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. ఒరిగిన రెక్కకు ఊతకర్ర పెడుతున్నట్లు అదే వైపుకు మీట జరపమని గురువులు చెబుతారు. అంతకంటె కష్టమైన పాఠం మరొకటి ఉన్నది: చేయి తీయడం. భయపడినవాడు మీటను ఇంకా బలంగా లాగుతాడు. లాగినకొద్దీ విమానం ఇంకా గింజుకొంటుంది. తగినంత ఎత్తులో మీటలు వదిలేస్తే ట్రైనర్ తడబడి, తేరుకొని, తిన్నగా సాగుతుంది. బల్లమీద తిన్నగా కట్టినవానికే ఆ నమ్మకం త్వరగా కుదురుతుంది.

కూలడం కూడా ఈ విద్యలో భాగమే. కొని తెచ్చినవాడికి విరిగిన రెక్క ఒక నష్టం. కట్టినవాడికి అది మూడవ పక్కటెముక, కింది దూలం, జానెడు ముందంచు. విరిగినది ఎక్కడో, దాని అడుగున ఏమున్నదో ఎరుగును గనుక, రాత్రి దీపం కింద కూర్చొని మరల నిలబెడతాడు.

కాలక్రమాన సిద్ధంగా కట్టిన విమానాలు, అచ్చుపోసిన తేలిక నురుగు విమానాలు బజారుకు వచ్చాయి. ఒరిగితే తామే సర్దే ఎలక్ట్రానిక్ పరికరాలను కొన్నిటిలో అమర్చారు. కొన్ననాడే ఎగరవేయగలగడం చిన్నవారికి మేలే. పెనో కోణాలతో సాధించినదానిని ఇక్కడ కంటికి కనిపించని పరికరం సాధిస్తున్నది. అయితే విమానం ఎందుకు నిలిచిందో ఆ పరికరానికి తెలుసు గాని, నడిపేవానికి తెలియనక్కరలేదు. ఆ తెలివిడి కావలసినవారికి కిట్టే శరణ్యం. మన దేశంలో ఎన్.సి.సి. వైమానిక విభాగపు విద్యార్థులకు నమూనా విమానాల నిర్మాణాన్ని శిక్షణలో భాగంగా నేర్పడంలోని ఆంతర్యం కూడా ఇదే. అయితే ఇవి 2021 డ్రోన్ నియమాల పరిధిలోకి వస్తాయి గనుక, ఎగరవేసే స్థలాన్ని గురించి ముందుగా విచారించుకోవడం అవసరం.

బాల్సా పుల్లల శక్తి ఎంతటిదో 2003 ఆగస్టులో లోకం చూచింది. కంటిచూపు చాలావరకు కోల్పోయిన 77 ఏళ్ల మేనార్డ్ హిల్, తన సహచరులతో కలసి నిర్మించిన నమూనా విమానాన్ని న్యూఫౌండ్‌లాండ్‌లోని కేప్ స్పియర్ నుండి ఎగరవేశాడు. ఇంధనంతో సహా దాని బరువు ఐదు కిలోల లోపు. పోసిన ఇంధనం ఒక గ్యాలనుకు తక్కువ. అంతకు ముందు పంపినవి సముద్రం పాలయ్యాయి. ఈసారి అది గాలిలోకి లేచి నిలదొక్కుకొన్నది. అక్కడి నుండి స్వయంచాలక యంత్రం నడిపించింది. 38 గంటలకు పైగా ఎగిరి, మూడు వేల కిలోమీటర్లు దాటి, అది ఐర్లండు తీరాన క్లిఫ్డెన్ సమీపంలో దిగింది. నడిసముద్రం మీద దానిని పట్టి నిలిపే చేయి ఏదీ లేదు. బల్లమీద ఆ చేతులు చేసిన పని మాత్రమే దానికి తోడు వచ్చింది.