నీళ్లకీ షిఫ్టు ఉంది: యానాం గోదావరిలో ఏ వారం ఏ చేప

మిల్లులో షిఫ్టు మారితే బోర్డు మీద రాస్తారు. గోదావరిలో నీళ్ల షిఫ్టు మారితే ఎవరూ రాయరు, మనమే తెలుసుకోవాలి. వారానికి ఒక్క రోజు సెలవు. ఆ రోజు గాలం తీసుకుని యానాం రేవుకెళ్లి, పొద్దెక్కేదాకా కూర్చుని, ఒట్టి సంచితో ఇంటికొస్తే ఎవరికైనా ఉసూరుమంటుంది. ఎర బాగోలేదనుకుంటాం, గాలం మంచిది కాదనుకుంటాం. చాలాసార్లు లోపం వేళదే.

యానాం ఉన్న చోటే అలాంటిది. గౌతమి గోదావరి నుంచి కోరింగ పాయ చీలే దగ్గర ఉంది ఈ ఊరు. కాకినాడకు దక్షిణంగా సుమారు 30 కిలోమీటర్లు. 1954 దాకా ఫ్రెంచివాళ్ల పాలనలో ఉండి, ఇప్పుడు పుదుచ్చేరిలో భాగం. పైనుంచి తీపి నీరు దిగుతుంది, కింద నుంచి ఉప్పు నీరు ఎక్కుతుంది. రెండూ కలిసే చోట కాబట్టి ఇక్కడ ఏటి చేపా దొరుకుతుంది, సముద్రపు చేపా దొరుకుతుంది. ఏది ఎప్పుడు దొరుకుతుందనేది నీళ్ల చేతిలో ఉంది.

గోడ మీది క్యాలెండరే గడియారం

సముద్రపు నీరు ఏట్లోకి ఎక్కితే పోటు, తిరిగి దిగితే పాటు. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. అయితే పోటు రోజూ ఒకే వేళకు రాదు. రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. ఈ ఆదివారం పొద్దున 6 గంటలకు నిండు పోటు ఉందనుకోండి. సోమవారం 6.50కి వస్తుంది. అలా లెక్కేసుకుంటూ పోతే వచ్చే ఆదివారం నిండు పోటు మధ్యాహ్నం 12 దగ్గర పడుతుంది. అంటే ఆ రోజు పొద్దున 6 గంటలకు నీరు అడుక్కి దిగిపోయి ఉంటుంది. పోయిన వారం చేపలు పడ్డ చోటే, పడ్డ వేళకే వెళ్లినా ఈ వారం ఏమీ పడకపోవడానికి కారణం ఇదే. రెండు వారాలు గడిస్తే మళ్లీ దాదాపు పాత వేళకే వస్తుంది. ఒక్కసారి రేవులో పోటు వేళ చూసి రాసి పెట్టుకుంటే తర్వాతి ఆదివారాలు మీరే లెక్కేసుకోవచ్చు.

ఇక నీటి బలం. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులు పోటు ఎత్తుగా వస్తుంది, పాటు బలంగా లాగుతుంది. అష్టమి దగ్గర నీరు పెద్దగా కదలదు. గాలానికి కదిలే నీరు కావాలి. ముఖ్యంగా నిండు పోటు మళ్లి పాటు మొదలయ్యాక తొలి గంటా రెండు గంటలు. పోటుకి మడ చెట్ల మధ్యకు ఎక్కిన చిన్న రొయ్యలు, చేప పిల్లలు పాటుతో పాటే బయటికి కొట్టుకొస్తాయి. పెద్ద చేప చిన్న కాలువ నోటి దగ్గర కాపు కాసేది అప్పుడే. అయితే అమావాస్యకీ పౌర్ణమికీ లాగుడు మరీ ఎక్కువైతే సీసం గుండు నేలన నిలవదు. అప్పుడు కాస్త బరువైన గుండు కట్టాలి, లేదా వాలు తక్కువున్న పక్కకు జరగాలి.

ఏ కాలంలో ఏది

మార్చి నుంచి మే దాకా ఏట్లో తీపి నీరు తగ్గి ఉప్పు పైకి ఎక్కుతుంది. పండుగప్పకు ఇది మంచి కాలం. బతికున్న రొయ్య గానీ, చిన్న కొయ్యంగ గానీ ఎరగా పెడితే ఆశ ఉంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మర పడవల వేటకు నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ నియమం. ఆ రోజుల్లో బజారులో సముద్రపు చేప తగ్గి ధర పెరుగుతుంది.

జూలై నుంచి సెప్టెంబరు దాకా ఎర్రనీరు. ఉప్పు నీటి చేపలు సముద్రం వైపు జరిగిపోతాయి, పులస ఎదురెక్కుతుంది. గాలం వేసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. పులస గాలానికి పడదు. అది నీళ్లలోని కంటికి కనిపించనంత చిన్న జీవుల్ని మొప్పలతో వడగట్టుకుని తినే చేప. ఎరతో దానికి పని లేదు, వలకే పడుతుంది. గుడ్లు పెట్టడానికి ఎగువకు పోయే చేపను ధవళేశ్వరం ఆనకట్ట ఆపేస్తుంది. దారిలో వలలు ఎలాగూ ఉన్నాయి. అందుకే ఏటికేడు అరుదైపోతోంది, ఒక్క చేప పది వేలు దాటి పలికిన సందర్భాలూ ఉన్నాయి. పుస్తెలమ్మి అయినా పులస తినమన్నారు గానీ, కూలి డబ్బుతో కొనేటప్పుడు జాగ్రత్త. బయటి రాష్ట్రాల నుంచి వచ్చిన ఐసు చేపను కూడా పులస పేరుతోనే అమ్ముతారు.

దసరా నుంచి కార్తీకం దాకా చీరమీను. వరద తగ్గి తూర్పుగాలి తిరిగాక ఏటి ముఖం దగ్గర గుంపులుగా వచ్చే సన్నటి చేప ఇది. చీర గుడ్డతో దేవి పట్టేవాళ్లు కాబట్టి ఆ పేరు. యానాం బజారులో కొలతల లెక్కన, బకెట్ల లెక్కన అమ్ముతారు. కూర, గారెలు దేనికైనా రుచే. కానీ అది ఎదగని చేప పిల్ల. బకెట్టు నిండా పట్టామంటే వచ్చే ఏడు వలకూ గాలానికీ పడాల్సిన చేపల్ని ముందే వండుకున్నామన్నమాట. కాబట్టి ఏడాదికి ఒకసారి రుచి చూడ్డం వేరు, దోమతెర కంటే సన్నని గుడ్డతో ఏరంతా దేవేయడం వేరు.

డిసెంబరు, జనవరిలో నీరు తేటపడుతుంది. చలికి పండుగప్ప తిండి మీద కాస్త మందంగా ఉంటుంది. పొద్దెక్కి నీరు వెచ్చబడ్డాక ప్రయత్నించండి. జెల్లలు, కొయ్యంగలు, పీతలు సంచిలో పడుతూనే ఉంటాయి.

పడ్డదాంట్లో వదలాల్సింది

పండుగప్ప మగదిగానే ఎదుగుతుంది, కొన్నేళ్లకు బాగా పెద్దదయ్యాక ఆడదిగా మారుతుంది. అంటే జానెడు చేపను పట్టేస్తే రేపటి తల్లి పోయినట్టే. చిన్నది పడితే చేతులు తడుపుకుని, మెల్లిగా గాలం తీసి నీళ్లలో వదిలేయండి. సముద్రపు జెల్లల్లో మగది గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది. పిల్లలు బయటపడేదాకా తిండే ముట్టదు. వలలో అలాంటిది వచ్చి, నోట్లో గోళీల్లాంటి గుడ్లు కనిపిస్తే అదేంటో మీ పిల్లలకు చెప్పండి.

జెల్ల ముల్లుతో జాగ్రత్త. వీపు మీద ఒకటి, పక్కల రెండు ఉంటాయి. గుచ్చుకుంటే మంట భరించలేం. చర్మం కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో చేతిని ఉంచితే మంట తగ్గుతుంది. ముల్లు లోపల విరిగినా, వాపు పెరిగినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

చేప కన్నా ముందు మనిషి

వర్షాకాలంలో రేవుకి బయల్దేరే ముందు ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం ఎంతుందో వార్తల్లో వినండి. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక వచ్చిందంటే గాలం గూట్లోనే ఉండాలి. 2022 జూలైలో మూడో హెచ్చరిక దాటి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చినప్పుడు యానాం కాలనీల్లోకే గోదావరి వచ్చేసింది. గట్టు మీద నుంచి చూడ్డానికి ఎర్రనీరు నెమ్మదిగా పోతున్నట్టే ఉంటుంది, అడుగు పెడితే తెలుస్తుంది.

చీరమీను వచ్చే నెలలే తుపానుల నెలలు కూడా. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు. వాళ్లలో వేటకు వెళ్లిన మత్స్యకారులు చాలామంది. అప్పట్లో చేతిలో ఫోన్లు లేవు, పడవలో ఉన్నవాడికి కబురు అందే దారి లేదు. ఇప్పుడు ఉంది. కాకినాడ రేవులో హెచ్చరిక జెండా ఎగిరిందని తెలిసినా పడవెక్కితే తప్పు గాలిది కాదు.

కోరింగ మడ అడవి వైపు వెళ్లేవాళ్లు 1978 నుంచి అది అభయారణ్యమని మరవొద్దు. హద్దు ఇవతలే గాలం వేయండి. ఆ మడ వేళ్ల మధ్యే రొయ్య పిల్ల, పీత పిల్ల, పండుగప్ప పిల్ల ఎదిగేది. తెగిన నైలాన్ దారం, ప్లాస్టిక్ సంచులు అక్కడ వదలకుండా ఇంటికి తెచ్చేయండి.

ఈ నెల క్యాలెండరులో మీ సెలవు రోజులకు గుండ్రంగా సున్నా చుట్టండి. పక్కనే ఆ రోజు తిథి చూసి రాయండి. రేవులో ఒక రోజు పోటు వేళ చూసుకుని, రోజుకు 50 నిమిషాలు కలుపుకుంటూ పొండి. ఏ ఆదివారం పొద్దున్నే బయల్దేరాలో, ఏ ఆదివారం పిల్లలతో ఇంట్లో ఉండి సాయంత్రం వెళ్లాలో తేలిపోతుంది. ఒక్క రోజు సెలవు ఒట్టి సంచితో ముగియకుండా ఉండటానికి ఖర్చు లేని లెక్క ఇది.