సుగ్గికాలమున బడి



 వర్తకుడు సంవత్సరాంతమున చిట్టా విప్పి జమాఖర్చులు సరిచూచుకొనునట్లు, బిడ్డల చదువు విషయమున మనమును ఒక్కమారు లెక్క చూచుకొనుట యుక్తము. విద్యాశాఖవారును, సమగ్ర శిక్ష యను సంస్థవారును మన కర్నూలు, కడప సీమలలో జరుపు కార్యక్రమములు పెక్కులున్నవి. వాని నన్నిటిని ఏకరువు పెట్టుట నా యుద్దేశము గాదు. గ్రామపెద్దల చేయూత లేనిదే నెరవేరని వానిని గూర్చి మాత్రమే చెప్పెదను.

మొదట సమగ్ర శిక్ష యననేమో తెలిసికొందము. 2001లో ప్రారంభమైన సర్వశిక్షా అభియాన్ చిన్న తరగతుల చదువును చూచుచుండెను. 2009లో ఉన్నత పాఠశాలలకై మరియొక పథకము వచ్చెను. ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చు పథకము వేరుగా నుండెను. 2018లో ఈ మూటిని ఒకటిగా గలిపి సమగ్ర శిక్ష యని పేరు పెట్టిరి. దీని వ్యయములో నూటికి 60 పాళ్లు కేంద్ర ప్రభుత్వమును, 40 పాళ్లు రాష్ట్ర ప్రభుత్వమును భరించును. జిల్లాకొక కార్యాలయము, మండలమునకొక వనరుల కేంద్రము కలవు. బడి మానిన బాలికలకు భోజనవసతులతో చదువు చెప్పు కస్తూర్బా గాంధీ విద్యాలయములును ఈ సంస్థ క్రిందివే.

ఇక తల్లిదండ్రుల సమావేశముల సంగతి. 2024 డిసెంబరు 7వ తేదీన రాష్ట్రమందలి ప్రభుత్వ పాఠశాలలలో ఒకే దినమున తల్లిదండ్రులను బిలిచి సభలు జరిపిరి. ఆనాడు ఉప ముఖ్యమంత్రి మన కడప పురపాలకోన్నత పాఠశాలలోనే సభకు వచ్చిరి. 2025 జులై 10వ తేదీన మరల నట్టి సభలు జరిగినవి. బిడ్డ యెట్లు చదువుచున్నదో, ఎన్ని దినములు బడికి వచ్చినదో తల్లిదండ్రులకు ముఖాముఖి చెప్పుటయే వీని ప్రయోజనము. “మాకు చదువు రాదు, మేము వచ్చి యేమి చేయుదుము?” అని వెనుదీయువారు మన పల్లెలలో నెందరో కలరు. అట్టివారి వెంట అక్షరజ్ఞానము గల పెద్ద యొకడు పోయి, ప్రగతి పత్రము చదివి వినిపించినయెడల సభ సార్థకమగును.

అయితే సభకు వచ్చుటకు ముందు తల్లిదండ్రులు ఊరిలో నుండవలెను గదా! మన సీమ కష్టమంతయు నిచ్చటనే యున్నది.

ఆదోని, కోసిగి, పెద్దకడుబూరు, కౌతాళము, ఆలూరు ప్రాంతములవారికి సుగ్గి యననేమో నేను చెప్పనక్కరలేదు. వానకారు పంట ఇంటికి వచ్చినను, చేనిలోనే యెండినను, అంతటితో మెట్టచేనికి పని తీరును. రెండవ పంటకు నీరు లేదు. అప్పు మాత్రము వడ్డీతో పెరుగుచుండును. అంతట కుటుంబములు మూటాముల్లె గట్టుకొని గుంటూరు, పల్నాడు సీమలకు ప్రత్తి తీయుటకును, మిరపకాయలు కోయుటకును బయలుదేరును. ఇంటికి తాళము వేసి పిల్లలను వెంటగొని పోవుదురు. చేతనైన పిల్ల కాయ కోయును. చేతగాని పిల్ల చెట్టుక్రింద చంటిబిడ్డ నాడించును. ఉగాదినాటికి తిరిగివచ్చుసరికి బడిలో ఏడాది పరీక్షలు ముంగిట నుండును. తల్లిదండ్రులను నిందించుట తగదు. ఆకలిగొన్న ఇంటికి ధర్మోపన్యాసము కూడు పెట్టదు.

నా తప్పొకటి ఇచ్చట చెప్పుకొనవలెను. ఉద్యోగమున జేరిన తొలి యేండ్లలో నేనొక మెట్టపల్లె ప్రాథమిక పాఠశాలలో నుంటిని. రెండవ తరగతిలో నొక బాలుడుండెను. వానికి అక్షరము లింకను కుదురుకొనలేదు గాని, పద్య మొకమారు వినిన చాలు, మరల నప్పగించెడివాడు. దీపావళి వెళ్లిన వారమునకు వాని తావు ఖాళీ యయ్యెను. సుగ్గికి పోయినారనిరి. నేను హాజరు పట్టీలో వరుసగా గైరుహాజరు వేసి, కొన్ని వారములకు వాని పేరు కొట్టివేసితిని. ఉగాదికి వాడు వచ్చి వాకిట నిలువబడెను. “నీ పేరు లేదురా, వచ్చే యేడు చూతము” అంటిని. వచ్చే యేడు వాడు రాలేదు.

చాలకాలమునకు ఆదోని బస్సుల నిలయమున నొక యువకుడు నాకు నమస్కరించి, కాగితము చేతికిచ్చి, “అయ్యవారూ, ఇందులో ఏముందో రోంత చదివి చెప్తారా?” అని యడిగెను. వాడే యా బాలుడు. అది కూలీల మేస్త్రి వ్రాయించిన బయానా లెక్క. తాను పుచ్చుకొన్న దెంతయో వాడు నోట జెప్పెను. కాగితములో నంతకంటె హెచ్చుగా నుండెను. క్రింద వాని వ్రేలిముద్ర. మేస్త్రి చేసిన మోసము మేస్త్రిదే. కాని వాని పేరు కొట్టివేసిన కలము నాది.

నేడట్లు చేయుటకు వీలులేదు. 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము ప్రకారము 6 మొదలు 14 ఏండ్ల లోపు బిడ్డను బడినుండి వెళ్లగొట్టరాదు. నడుమ మానిన బిడ్డ మరల వచ్చినచో, వయస్సునకు తగిన తరగతిలో జేర్చుకొని, వెనుకబడిన పాఠములు ప్రత్యేకముగా నేర్పవలెను.

అయినను పేరు పట్టీలో నున్నంత మాత్రమున చదువు రాదు. బిడ్డ బడిలో నుండవలెను. అందులకే సమగ్ర శిక్షవారు కర్నూలు సీమ వలస గ్రామములలో సుగ్గి నెలలకు మాత్రము నడచు వసతిగృహములను ఏర్పరచుచు వచ్చిరి. తల్లిదండ్రులు పనికి పోయినను బిడ్డ తన యూరిలోనో, దాపుననున్న యూరిలోనో నిలిచి, ఎప్పటివలెనే బడికి పోవును. మధ్యాహ్నము బడిలో అందరితో పాటు భోజనము. మిగిలిన పూటల తిండియు, రాత్రి పడకయు వసతిగృహమున. తల్లిదండ్రులు తిరిగివచ్చిన పిమ్మట బిడ్డ ఇంటికి చేరును. ఏర్పాటు చిన్నది, ఫలము పెద్దది. కాని కుటుంబములు కదలిపోయిన పిదప తెరచిన వసతిగృహము వాన వెలిసిన తరువాత వేసిన పందిరి వంటిది. ఎవరు పోవుచున్నారో, ఏ యింట నెందరు బిడ్డలున్నారో కార్యాలయములకంటె ముందు రచ్చబండకు తెలియును.

ఆర్థికమైన సంగతి యొకటి. 2025 జూన్‌లో ప్రభుత్వము తల్లికి వందనమను పథకము క్రింద బిడ్డకు 15,000 రూపాయల చొప్పున కేటాయించి, అందులో 13,000 తల్లి ఖాతాలో వేసి, 2,000 బడి నిర్వహణకు ఉంచినది. దీనికి నూటికి 75 వంతుల హాజరు నియమము. సుగ్గిలో మూడు నెలలు గడపిన బిడ్డకు ఆ హాజరు దక్కుట కష్టము. బిడ్డ కోసిన మిరపకాయల కూలిని ఈ మొత్తము ప్రక్కన బెట్టి లెక్క చూడుడని తల్లిదండ్రులకు చెప్పుడు.

ఈ వ్యాధి నేటిది గాదు. దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా నుండి, పిమ్మట మదరాసు గవర్నరైన మన్రో దొర 1822లో బడుల లెక్క పంపుడని జిల్లాలకు ఉత్తరువు చేసెను. ఆయన 1827లో మన పత్తికొండలోనే మరణించెను. ఆ యుత్తరువునకు 1823లో బళ్లారి కలెక్టరు కాంబెల్ దొర ప్రత్యుత్తరము వ్రాసెను. నేటి ఆదోని, ఆలూరు ప్రాంతములు అప్పుడు బళ్లారి జిల్లాలోనివి. 1953లో మాత్రమే కర్నూలులో కలిసినవి. ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నారనియు, జనసంఖ్య 9 లక్షలు దాటినదనియు ఆయన లెక్క చూపెను. అన్ని బడులలో ఒక్కదానికైనను ప్రభుత్వ సహాయము లేదని సిగ్గుపడుచు నొప్పుకొనెను. పూర్వము బడులున్న పల్లెలలో పేదరికముచేత అవి మూతపడినవనియు, పేదల బిడ్డలు చదువుకొనలేకున్నారనియు వ్రాసెను. ఆనాడు పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దెడివారు. రెండు వందల యేండ్లు గడచినవి. బడి వచ్చినది, పుస్తకము వచ్చినది, భోజనము వచ్చినది. బిడ్డను బడినుండి లాగు పేదరికము మాత్రము పోలేదు.

దాని ఫలితము 2011 జనాభా లెక్కలలో కనబడును. నాటి అవిభక్త కడప జిల్లాలో అక్షరాస్యులు నూటికి 67 మంది. కర్నూలు జిల్లాలో 60 మందియే. కర్నూలు స్త్రీలలో సగము మందికి అక్షరము రాదు. ఇట్టి పెద్దవారికొరకు 2022 నుండి 2027 వరకు ఉల్లాస్ అను కేంద్ర పథకము ఏర్పడినది. 15 ఏండ్లు దాటినవారికి, జీతము గోరని స్వచ్ఛంద సేవకులు చదువు చెప్పవలెనని దీని పద్ధతి. పింఛను తెచ్చుకొని అరుగుమీద గూర్చున్న నావంటి వానికి ఇంతకంటె తగిన పని యేమున్నది?

కావున గ్రామపెద్దలకు నా మనవి యిది. సుగ్గికి పోవు ఇండ్ల పట్టిక వ్రాసి ప్రధానోపాధ్యాయునికిని, మండల విద్యాధికారికిని ఇండు. ఈ యేటికి ఆలస్యమైనచో, వచ్చే యేడు దసరా నాటికే యిండు. అవ్వాతాతలు ఇంటనున్న చోట బిడ్డను వారికడ నిలుపుడు. ఆడబిడ్డను విడిచిపోవుటకు తల్లి భయపడినచో, నమ్మకమైన పెద్దమ్మ యొకతె రాత్రులు వసతిగృహమున తోడుగా నుండునట్లు బడివారితో మాటాడుడు. సర్కారు కాగితమునకంటె మీ మాటకు ఆ తల్లి విలువ నిచ్చును. ఇదివరకే పోయిన బిడ్డలుండిన ఫోనుచేసి, పనిచేయుచోటి బడిలో జేర్పింపుడు. బదిలీ పత్రము ఆలస్యమైనదను నెపమున ఏ ప్రభుత్వ బడియు చేర్చుకొనుటకు నిరాకరింపరాదని చట్టమే చెప్పుచున్నది.

 సంక్రాంతి పండుగ వెళ్లిన మరునాడు మీ యూరి బడికి ఒక్కమారు పోయి, హాజరు పట్టీ చూడుడు. ఎవని పేరున వరుసగా గైరుహాజరు పడినదో, వాని యింటి తలుపు తట్టుడు. తాళముండినచో వాడెక్కడ నున్నాడో విచారింపుడు. నేను చేయని పని యది. మీరు చేయుదురను ఆశతో విరమించుచున్నాను.