నాయనమ్మ మతిమరుపు మనుమరాలి నుదుటి రాత కాదు

మా దూరపు బంధువుల ఇంట్లో ఈమధ్య ఖాయమైందనుకున్న పెళ్ళి సంబంధం తప్పిపోయింది. పిల్ల నాయనమ్మకు అల్జీమర్స్ అని మగపెళ్ళివారికి ఎవరో చేరవేశారు. ‘అది వంశంలో దిగే జబ్బట కదండీ’ అన్నారు వాళ్ళు. ఆ తర్వాత జరిగింది ఇంకా బాధాకరం. పెద్దావిడను ముందుగదిలోకి రానివ్వడం మానేశారు. ఎవరైనా చూస్తారేమోనని డాక్టరు దగ్గరికీ తీసుకెళ్ళడం లేదు. ఒక తప్పుడు మాట ఒక ముసలి ప్రాణానికి అందే వైద్యాన్ని ఆపేసింది.

అపోహ: ఇంట్లో ఒకరికి అల్జీమర్స్ వస్తే పిల్లలకూ తప్పదు.

వాస్తవం: తప్పకుండా దిగే రకం ఉన్నమాట నిజమే. ఏపీపీ, ప్రిసెనిలిన్-1, ప్రిసెనిలిన్-2 అనే మూడు జన్యువుల్లో ఏదో ఒకదానిలో లోపం ఉన్న కుటుంబాల్లో ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగానికి సగం. జబ్బు సాధారణంగా 65 ఏళ్ళలోపే మొదలవుతుంది. కానీ మొత్తం అల్జీమర్స్ రోగుల్లో ఇలాంటివాళ్ళు నూటికి ఒక్కరు కూడా ఉండరు. కొలంబియాలోని ఆంటియోకియా ప్రాంతంలో ఇలాంటి పెద్ద వంశం ఒకటుంది. అక్కడివాళ్ళకు నలభైల్లోనే జ్ఞాపకం జారిపోతుంది. అదే వంశంలో, అదే లోపంతో పుట్టిన ఒక స్త్రీకి మాత్రం డెబ్బైల దాకా మతి చెడలేదు. మరో అరుదైన జన్యుమార్పు ఆమెను కాపాడి ఉంటుందని 2019లో పరిశోధకులు ప్రకటించారు.

ఎనభైల్లో మతిమరుపు వచ్చిన నాయనమ్మ సంగతి పూర్తిగా వేరు. అక్కడ ఎక్కువగా వినబడే పేరు ఏపీఓఈ. ఈ జన్యువుకూ అల్జీమర్స్‌కూ ఉన్న లంకెను 1993లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఆలెన్ రోజెస్ బృందం బయటపెట్టింది. ఇందులో ఇ2, ఇ3, ఇ4 అని మూడు రకాలు. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తాయి. ఒక ఇ4 ఉంటే ముప్పు రెండు మూడు రెట్లు, రెండూ అవే అయితే సుమారు పది రెట్లు పెరుగుతుందని ఐరోపా సంతతివారిలో తేలింది. నైజీరియాలోని యోరుబాల్లో ఈ లంకె బాగా బలహీనంగా కనిపించింది. ఇ4 ఉండి కూడా చివరిదాకా మతి చెడనివాళ్ళు ఎందరో, ఇ4 లేకుండానే జబ్బు పడ్డవాళ్ళూ ఎందరో. రెట్లు అన్న మాట వినగానే రాసిపెట్టి ఉందని గుండెలు బాదుకోవద్దు.

ఇంతకీ ఇ4 చేసేదేమిటి? మెదడులో కణాలకు కొవ్వు మోసే ప్రొటీన్‌ను ఏపీఓఈ తయారుచేస్తుంది. ఇ4 ప్రొటీన్ ఉన్నచోట అమిలాయిడ్ అనే మడ్డిని ఊడ్చేసే పని మందగిస్తుంది. ఆ మడ్డి లక్షణాలకు పదిహేను ఇరవై ఏళ్ళ ముందునుంచే పేరుకుంటుంది. తర్వాత కణాల లోపల టౌ అనే ప్రొటీన్ చిక్కులు పడుతుంది. కొత్త సంగతులను జ్ఞాపకంగా మలిచే హిప్పోకాంపస్ కుంచించుకుపోతుంది. అందుకే ఆ పెద్దావిడ పొద్దున ఇడ్లీ తిన్నదో లేదో చెప్పలేదు, కానీ తన పెళ్ళికి మేనమామ పెట్టిన చీర అంచు రంగు చెబుతుంది.

ఒక్క మాట ఒప్పుకోక తప్పదు. రెండు ఇ4లు ఉన్నవాళ్ళలో 65 ఏళ్ళకల్లా దాదాపు అందరిలోనూ అమిలాయిడ్ జాడ కనిపించిందని 2024లో ఒక పెద్ద అధ్యయనం చెప్పింది. వాళ్ళ విషయంలో భయానికి ఆధారం ఉంది. అయినా అమిలాయిడ్ పేరుకున్న ప్రతివారికీ మతి పోదు.

మిగతా అపోహలు క్లుప్తంగా. అల్యూమినియం గిన్నెల్లో వండితే అల్జీమర్స్ వస్తుందన్నది రుజువు కాలేదు. పొయ్యి మీద పాలు మరిచిపోయిన ప్రతి ఇల్లాలికీ జబ్బు ఉన్నట్టు కాదు. ముసలితనంలో మతిపోవడం మామూలే అని వదిలేయడం మాత్రం నేరమే. బి12 లోపం, థైరాయిడ్, మానసిక కుంగుబాటు వల్ల వచ్చే మరపు చికిత్సతో తగ్గవచ్చు. చూపించకపోతే అది ఎలా తెలుస్తుంది?

జన్యుపరీక్షను జాతకంలా చూడకండి. ఆన్‌లైన్‌లో కిట్ తెప్పించి, ఉమ్మి పంపి, వచ్చిన కాగితం చూసి నిద్ర పోగొట్టుకోకండి. నలభైల్లోనో యాభైల్లోనో మతి తప్పినవాళ్ళు ఇంట్లో ఇద్దరు ముగ్గురు ఉంటే జన్యు సలహాదారును కలవండి. అల్జీమర్స్‌కు ఇచ్చే లెకానెమాబ్ లాంటి మందు మొదలుపెట్టే ముందు ఏపీఓఈ పరీక్ష అవసరం, ఎందుకంటే ఇ4 ఉన్నవారికి ఆ మందుతో మెదడులో వాపు, రక్తస్రావం ముప్పు ఎక్కువ.

చేయగలిగింది చాలా ఉంది. మనం మార్చుకోగల 14 కారణాలను సరిదిద్దితే ప్రపంచంలో డిమెన్షియా (అల్జీమర్స్ సహా మతి చెడే జబ్బులు) కేసుల్లో 45 శాతం దాకా నివారించవచ్చు, లేదా వెనక్కి నెట్టవచ్చునని 2024లో లాన్సెట్ కమిషన్ లెక్కగట్టింది. బీపీ, షుగరు, కొలెస్టరాల్ అదుపులో ఉంచండి. పొగ మానండి. నడవండి. చెవి వినబడకపోతే మిషన్ పెట్టించుకోండి, అందులో సిగ్గేమీ లేదు.

ఆ పద్నాలుగింటిలో ఒంటరితనం కూడా ఉంది. కాబట్టి ఆ పెద్దావిడను వెనకగదిలోంచి బయటికి తీసుకురండి. డాక్టరుకు చూపించండి. చుట్టాలొచ్చినప్పుడు ముందుగదిలో, అందరి మధ్య, ఆవిడ కుర్చీ వేయండి. ఆ చీర కథ మనుమరాలిని అడగనివ్వండి.