నీరసానికి గూడూరు నిమ్మ

“ఒంట్లో సత్తువ లేదు, మనసూ నిలకడగా లేదు మౌల్వీసాబ్” అని మా వద్ద చదివే పిల్లల తల్లులు తరచూ అంటుంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉంది. అలసటకు అదొక ముఖ్య కారణం.

మన గూడూరు నిమ్మలో ఉన్న విటమిన్ సి యాంటీఆక్సిడెంట్. ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి పట్టేలా కూడా చేస్తుంది. 1747లో స్కర్వీతో నీరసించిన నావికుల్లో, జేమ్స్ లిండ్ నారింజ, నిమ్మ తినిపించిన ఇద్దరే త్వరగా తేరుకున్నారు.

ఛాయ్‌లోనూ యాంటీఆక్సిడెంట్లున్నాయి. కాని భోజనంతో పాటు తాగితే అవే ఇనుమును అడ్డుకుంటాయి. కనుక తోటకూర పప్పు దించాక నిమ్మరసం పిండండి, ఛాయ్ గంట ఆగి తాగండి. అయినా నీరసం వీడకపోతే రక్తపరీక్ష తప్పనిసరి. నిమ్మ ఆహారమే, మందుకు బదులు కాదు.