కుంటే కంప్యూటర్‌కు మదర్‌బోర్డే మందా?

(గ్రామీణ విలేఖరి)

నల్లగొండ: బోరులో నీళ్లు అడుగంటితే మోటారు మార్చి ఏం లాభం? ఈ సంగతి మన రెండు జిల్లాల రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. అయిదు హెచ్‌పి తీసి ఏడున్నర దించినా, ఊట లేనిదే చుక్క పైకి రాదు. అయితే అదే రైతు కొడుకు, మండల కేంద్రంలో పెట్టుకున్న కంప్యూటర్ నెమ్మదించగానే ఈ లెక్క మరచిపోతున్నాడు. ఎవరో "మదర్‌బోర్డు మార్చాలి" అనడం, ఇతడు అప్పుకు తిరగడం చాలాచోట్ల చూస్తున్నదే.

2025 జూన్‌లో దేవరకొండ వైపు ఒక మండల కేంద్రంలో జరిగిన సంగతి ఇది. కాలేజీలు తెరిచే రోజులు. ఆదాయం, కులం సర్టిఫికెట్ల కోసం దరఖాస్తులు పెట్టే చిన్న కేంద్రం ముందు పొద్దున్నే ముప్పై మంది దాకా నిలబడ్డారు. లోపల ఉన్నది ఒకే ఒక్క కంప్యూటర్. మీట నొక్కితే తెర వెలగడానికి నాలుగు నిమిషాలు. ఒక దరఖాస్తు నింపి, కాగితం స్కాన్ చేసి పంపేసరికి అరగంట.

"పొద్దుగాల ఎనిమిదింటికొచ్చిన బిడ్డా. ఇయ్యాల కూలి పాయె. రేపు గూడ పోయేటట్టున్నది" అని మనవరాలి సర్టిఫికెట్ కోసం తండా నుంచి వచ్చిన ముసలవ్వ మొరపెట్టుకుంది.

"జర ఆగవ్వా, మిషిని లేస్తలేదు. నేనేం జెయ్యాలె" అని కేంద్రం నడిపే యువకుడు తల పట్టుకున్నాడు.

ఆ యువకుడు డిగ్రీ మధ్యలో ఆపి, తల్లి పేరున మహిళా సంఘంలో తీసిన అప్పుతో పాత కంప్యూటర్ కొని కేంద్రం పెట్టుకున్నాడు. ఆ అప్పు వాయిదాలు ఇంకా తీరలేదు. దగ్గరి పట్టణంలోని ఒక మరమ్మతు దుకాణంలో చూపిస్తే, మదర్‌బోర్డు పాతబడిందనీ, బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, డిస్కు అన్నీ కలిపి 18 వేలు అవుతుందనీ చెప్పారట. మళ్లీ సంఘంలోనే అప్పు అడగడానికి తల్లి సిద్ధపడింది.

సికింద్రాబాద్ ప్రయాణం

అప్పు చేసేముందు మరొకరికి చూపిద్దామని అతడితో ఈ విలేఖరి కూడా సికింద్రాబాద్ వెళ్లడం జరిగింది. పార్క్‌లేన్ ప్రాంతంలోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ అంటే కంప్యూటర్ సామాన్లకు పేరున్న బజారు. మన వైపు మెకానిక్కులు సరుకుకు పోయే చోటు అదే. యువకుడు సిపియు పెట్టెను దుప్పట్లో చుట్టి, బస్సులో చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు.

అక్కడొక పాత దుకాణదారు పెట్టె విప్పకముందే దానికి తెర తగిలించి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అనే మూడు మీటలు ఒకేసారి నొక్కాడు. టాస్క్ మేనేజర్ అనే పట్టిక వచ్చింది. ప్రాసెసర్ పని నూటికి 20 కూడా దాటడం లేదు. 4 జీబీ ర్యామ్ దాదాపు నిండిపోయింది. హార్డ్‌డిస్కు మాత్రం నూటికి నూరు దగ్గరే నిలబడి ఉంది.

"తమ్మీ, బోర్డు అమ్మితే నాకే లాభం. కానీ నీ బోర్డు బాగానే ఉన్నది. డిస్కు అందియ్యలేకపోతున్నది, అంతే" అన్నాడాయన.

హార్డ్‌డిస్కు స్థానంలో 256 జీబీ ఎస్‌ఎస్‌డి పెట్టి, పాతదానిలోని సమాచారమంతా దానిలోకి ఎక్కించారు. వాడిన 4 జీబీ ర్యామ్ ముక్క ఒకటి జతచేశారు. ఫ్యానులో పేరుకున్న ఎర్రదుమ్ము ఊది, ప్రాసెసర్‌పై ఎండిపోయిన పేస్టు మార్చారు. మొత్తం ఖర్చు 2,500 రూపాయలు. నాలుగు నిమిషాలకు లేచే యంత్రం అర నిమిషంలోపే లేచింది.

మరి మొదటి దుకాణంవారు మోసం చేశారా? అలా అనలేం. వారు చెప్పినట్టు చేసినా వేగం వచ్చి ఉండేది. ఎందుకంటే బోర్డుతోపాటు డిస్కు, ర్యామ్ కూడా కొత్తవే వేస్తారు. వేగం తెచ్చేది అవి, పేరు మాత్రం బోర్డుకు దక్కుతుంది. తేడా అల్లా పదిహేను వేల అయిదు వందల రూపాయలు.

బోర్డు చేసే పనేమిటి?

మదర్‌బోర్డు తానుగా లెక్కలు చేయదు, సమాచారం దాచదు. లెక్కచేసేది ప్రాసెసర్. గాదెలా సమాచారం దాచేది డిస్కు. గాదెలోంచి తీసిన గింజలు పరిచే కల్లం వంటిది ర్యామ్. వీటన్నింటినీ కలిపే బాట మదర్‌బోర్డు. కల్లం ఇరుకైనా, గాదె తలుపు తెరుచుకోకపోయినా బాట వెడల్పు చేసి ప్రయోజనం లేదు.

పాత హార్డ్‌డిస్కులో ఒక పళ్లెం తిరుగుతూ ఉంటుంది. దానిమీద ఒక ముల్లు అటూఇటూ కదిలి సమాచారం వెతుకుతుంది. అలా సెకనుకు సుమారు వంద చోట్ల మాత్రమే వెతకగలదు. ఎస్‌ఎస్‌డిలో తిరిగే భాగమే లేదు కనుక వేల చోట్ల వెతుకుతుంది. పాత బోర్డులకు సరిపడే సాటా రకం ఎస్‌ఎస్‌డి కూడా సెకనుకు 500 మెగాబైట్ల దాకా చదువుతుంది. హార్డ్‌డిస్కు 100 నుంచి 150 దగ్గర ఆగుతుంది.

నొప్పి ఎక్కడో తెలుసుకోండి

కంప్యూటర్ ఉన్నవారు డబ్బు ఖర్చు పెట్టకముందు ఇంటివద్దనే ఈ పరీక్షలు చేసుకోవచ్చు.

నెట్ తీసేసి, టైపు చేసే పనో, ఫొటో తెరిచే పనో చేసి చూడాలి. అప్పుడు చురుకుగా ఉండి, నెట్ పెట్టగానే నెమ్మదిస్తే తప్పు యంత్రానిది కాదు, లైనుది. మిగతా వెబ్‌సైట్లు త్వరగా తెరుచుకుని, ప్రభుత్వ సైటు ఒక్కటే తిరుగుతూ ఉంటే భారం సర్వర్ మీద ఉన్నట్టు. దానికి ఏ బోర్డు మార్చినా ఫలితం ఉండదు.

నెట్ లేకున్నా నెమ్మదిగా ఉంటే పైన చెప్పిన పట్టిక చూడాలి. డిస్కు నూరు చూపితే ఎస్‌ఎస్‌డి, మెమరీ 90 దాటితే ర్యామ్ కావాలి. మొదట్లో చురుకుగా ఉండి కాసేపటికి చతికిలబడితే వేడిని అనుమానించాలి. ప్రాసెసర్ వేడి నూరు డిగ్రీల దగ్గరికి వస్తే, కాలిపోకుండా తన వేగం తానే తగ్గించుకుంటుంది. మన ఎండలకు, మన దుమ్ముకు ఇది మామూలే. ఆర్నెల్లకొకసారి దుమ్ము ఊదిస్తే చాలా రోగాలు పోతాయి. రోజూ తేదీ, టైము తప్పుతుంటే బోర్డుపై ఉండే రూపాయి బిళ్లంత సెల్లు మార్చితే సరి. ప్రాసెసర్ ఒక్కటే ఎప్పుడూ నూరు దగ్గర ఉంటే, అప్పుడు బోర్డు మాట ఆలోచించాలి.

మార్చక తప్పనిది ఎప్పుడు?

బోర్డు మార్పు వద్దేవద్దని ఈ రాతకు అర్థం కాదు. పిడుగుపాటుకో, వోల్టేజి ఎగుడుదిగుళ్లకో బోర్డు చచ్చినప్పుడు, దానిపై గుండ్రంగా నిలబడి ఉండే కెపాసిటర్లు ఉబ్బి కారినప్పుడు, ర్యామ్ పెంచడానికి చోటు లేనప్పుడు, కొత్త ప్రాసెసర్‌ను పాత బోర్డు స్వీకరించనప్పుడు మార్చక తప్పదు.

అయితే బోర్డు ఒక్కటే రాదని ముందే తెలుసుకోవాలి. ఎడ్లబండి ఇరుసుకు ట్రాక్టర్ చక్రం ఎక్కదు కదా! ఇంటెల్ ప్రాసెసర్లలో రెండు, మూడు తరాలకు 1155 సాకెట్, నాలుగో తరానికి 1150, ఆరు, ఏడు తరాలకు 1151 సరిపోతాయి. ఎనిమిది, తొమ్మిది తరాల సాకెట్ పేరు కూడా 1151 అయినా, ఆరు, ఏడు తరాల బోర్డుల్లో అవి పనిచేయవు. పది, పదకొండు తరాలకు 1200, పన్నెండు నుంచి పద్నాలుగు వరకు 1700. ర్యామ్‌లోనూ డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 అని రకాలున్నాయి. ఒకదాని గాడిలో మరొకటి దిగదు. కాబట్టి నాలుగో తరం యంత్రానికి కొత్త బోర్డు వేయాలంటే ప్రాసెసర్, ర్యామ్ కూడా కొనవలసిందే. 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు బాగా పెరిగిన సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

పేరున్న కంపెనీల పెట్టెల్లో కొన్నిటికి కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ ప్లగ్గులు, బోర్డు ఆకారం వేరుగా ఉంటాయి. వాటిలో బజారు బోర్డు పట్టదు. పెట్టెను వెంట తీసుకుపోవడం అందుకే మేలు. బోర్డు విప్పేముందు ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి కాపీ చేసుకోవాలి. కంపెనీ వేసి ఇచ్చిన విండోస్ లైసెన్సు ఆ బోర్డుకే ముడిపడి ఉంటుంది. బోర్డు మారితే కొత్త లైసెన్సు కొనవలసి రావచ్చు. ఈ ఖర్చు ముందుగా ఎవరూ చెప్పరు.

విండోస్ గడువు తంటా

ఆ యువకుడికి మరో చిక్కు లేకపోలేదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మద్దతు ఆపింది. పేరు నమోదు చేసుకున్న ఇళ్లలోని వాడకందారులకు భద్రతా మరమ్మతులు 2026 అక్టోబరు 13 వరకు ఇచ్చే ఏర్పాటు ప్రకటించింది. విండోస్ 11కు ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం, ఆపై ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. నాలుగో తరం యంత్రం దీనికి అర్హం కాదు. ఎస్‌ఎస్‌డి వేసినా ఈ లోటు తీరదు.

మరమ్మతులు ఆగిన యంత్రం ఆ రోజే ఆగిపోదు. కానీ జనం ఆధార్ కాగితాలు, బ్యాంకు పాసుపుస్తకాలు, భూమి పత్రాలు ఎక్కే యంత్రానికి తలుపు గడియ లేకుంటే ప్రమాదం ఒక్క యజమానికే కాదు, ఊరందరికీ. ఇంట్లో పిల్లల చదువుకు వాడే యంత్రమైతే ఉచితంగా దొరికే లినక్స్ వేసుకోవచ్చు. కేంద్రాల్లోనైతే వేలిముద్రల యంత్రం, డిజిటల్ సంతకం టోకెన్ దానితో పనిచేస్తాయో లేదో ముందే చూసుకోవాలి.

అంటే బోర్డు మార్చే రోజు ఆ కేంద్రానికీ వస్తుంది. అయితే అప్పుడు చేసేది దేనికో తెలిసి చేసిన ఖర్చు అవుతుంది. పైగా ఇప్పుడు కొన్న ఎస్‌ఎస్‌డి కొత్త బోర్డుకూ పనికివస్తుంది. డీడీఆర్3 ర్యామ్‌పై పెట్టిన కొద్ది డబ్బే పోతుంది.

ఆసు నేర్పిన పాఠం

నొప్పి ఉన్నచోటే మందు రాయాలన్నది మన వైపు కొత్త మాట కాదు. అప్పటి నల్లగొండ జిల్లా ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం మగ్గం మొత్తాన్ని మార్చబోలేదు. ఒక చీరకు ఆసు పోయడానికి తల్లి లక్ష్మి వేలసార్లు చేయి ఆడించవలసి రావడం, భుజం నొప్పితో బాధపడడం చూశారు. ఆ ఒక్క పనికే యంత్రం చేయబూని, 1999లో సాధించారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. ఆ యంత్రానికి తల్లి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన మొదట వెతికింది పని ఎక్కడ బరువవుతున్నదని. కంప్యూటర్‌కైనా వెతకవలసింది అదే.

సికింద్రాబాద్ నుంచి వచ్చిన మరునాడే ఆ కేంద్రంలో పని సాగింది. దరఖాస్తు ఒక్కింటికి పది నిమిషాలు పట్టింది. సైటు మొరాయించినప్పుడు ఆ సంగతి వరుసలో ఉన్నవారికి చెప్పి, సాయంత్రం రమ్మని పంపాడు. తండా అవ్వ మధ్యాహ్నంలోగా రసీదు తీసుకుని కదిలింది. "అర్ధ కూలన్న దక్కుతదేమో పోయి చూస్త బిడ్డా" అంటూ ఆటో ఎక్కింది.

యువకుడి తల్లి సంఘంలో కొత్త అప్పు అడగలేదు. మిగిలిన డబ్బుకు నెలనెలా ఎంతోకొంత కలిపి బోర్డు కోసం వేరుగా దాస్తున్నట్టు ఆమె చెప్పింది. పాత హార్డ్‌డిస్కును చెత్తలో వేయలేదు. జనం కాగితాలు దానిలో ఉన్నందున ఇంట్లో తాళం వేసి ఉంచారు. ఇటువంటి పాత డిస్కులను పూర్తిగా చెరిపించకుండా పాత సామాన్ల వారికి ఇవ్వరాదని కేంద్రాల నిర్వాహకులు గమనించాలి.